మార్ ఎర్ల్‌లు ఇద్దరెందుకు? స్కాట్లాండ్ బిరుదుల వారసత్వం ఎలా తేలుతుంది?

వంశావళి_చదువరి:

స్కాట్లాండ్ పాత ఎర్ల్‌డమ్‌ల (ఎర్ల్ అనే ప్రభు బిరుదుల) గురించి చదువుతుంటే ఒకచోట చిక్కుపడింది. మార్ పేరుతో రెండు బిరుదులున్నాయి. ఒకటి 1975లో మార్గరెట్ ఆఫ్ మార్ గారికి వారసత్వంగా వచ్చింది, ఆమెను 31వ కౌంటెస్ (మహిళా ఎర్ల్) అంటారు. రెండోది ఎర్‌స్కిన్ వంశంలో కెల్లీ ఎర్ల్‌డమ్‌తో కలిసి నడుస్తోంది, దాని లెక్క 14 దగ్గరే ఉంది. జాబితాల్లో మొదటిదాని పక్కన 1404 అనీ రెండోదాని పక్కన 1565 అనీ వేస్తున్నారు. మార్ ప్రాంతానికి 12వ శతాబ్దంలోనే పాలకులున్నారు కదా, మరి 1404 ఎక్కడిది? ఇద్దరూ ఒకే మూలపురుషుణ్ణి చెప్పుకుంటున్నప్పుడు బిరుదు రెండుగా ఎలా చీలింది? పంచుకున్నారా, లేక కోర్టు పంచిందా? ఆడపిల్లకు బిరుదు రావాలంటే ఏ కాగితంలో ఏముండాలో కూడా ఎవరైనా వివరంగా చెప్పగలరా?

పాతదస్తావేజు:

పంచుకోలేదండీ, పంచడానికి వీలూ లేదు. ఒకే బిరుదు గురించి బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1875లో ఒక మాట చెప్పింది, 1885లో పార్లమెంటు చట్టం ఇంకో మాట చెప్పింది. రెండూ చెల్లుబాటులో ఉండిపోయాయి. అందుకే ఇద్దరు.

ముందు 1404 సంగతి. అది బిరుదు పుట్టిన సంవత్సరం కాదు. అబర్డీన్‌షైర్‌లో డాన్, డీ నదుల మధ్య ఉన్న ఈ నేలకు 12వ శతాబ్దం తొలినాళ్ళలోనే రూద్రీ అనే పాలకుడి పేరు దొరుకుతుంది. బిరుదు ఇచ్చినట్టు పత్రం మాత్రం ఎక్కడా లేదు. 1374లో ఎర్ల్ థామస్ పిల్లలు లేకుండా చనిపోతే ఎర్ల్‌డమ్ తోబుట్టువు మార్గరెట్‌కు వెళ్ళింది. ఆమె భర్త డగ్లస్ ఎర్ల్ విలియం. వాళ్ళ కొడుకు జేమ్స్ 1388లో ఆటర్‌బర్న్ యుద్ధంలో పోయాడు, ఆయన సోదరి ఇసబెల్ మార్‌కు కౌంటెస్ అయింది. అంటే ఆడవాళ్ళ మీదుగా వారసత్వం అప్పటికే రెండుసార్లు నడిచింది. ఇది గుర్తుపెట్టుకోండి, 1875 నాటి వాదనలో ఇదే ఆయువుపట్టు.

ఇసబెల్ మొదటి భర్త మాల్కం డ్రమండ్ బందీగా ఉండి చనిపోయాడు. 1404లో అలెగ్జాండర్ స్టీవర్ట్ అనే ఆయన, రాజకుటుంబంలో అక్రమ సంతానం, కిల్‌డ్రమ్మీ కోటను బలవంతంగా పట్టుకున్నాడు. ఆగస్టు 12న ఇసబెల్ చేత ఒక చార్టర్ (హక్కు పత్రం) రాయించుకున్నాడు: ఎర్ల్‌డమ్ తనకూ, తన వారసులకూ. బలవంతపు రాత నిలబడదని ఆయనకు తెలుసు. డిసెంబర్ 9న కోట బయట సాక్షుల ముందు తాళాలు ఆమె చేతికిచ్చి, ఆమె స్వేచ్ఛగా తనను భర్తగా ఎంచుకున్నట్టు ఇంకో చార్టర్ తీసుకున్నాడు. ఈ రెండో పత్రం షరతు వేరు. వాళ్ళిద్దరికీ పిల్లలు పుట్టకపోతే ఎర్ల్‌డమ్ ఇసబెల్ సొంత వారసులకే తిరిగి వెళ్ళాలి. 1405 జనవరిలో రాజు మూడో రాబర్ట్ ఖరారు చేసింది దీన్నే. జాబితాల్లోని 1404 ఇక్కడిది.

పిల్లలు పుట్టలేదు. ఇసబెల్ 1408లో పోయింది. అలెగ్జాండర్ మాత్రం 1426లో ఎర్ల్‌డమ్‌ను రాజుకు అప్పగించి, తన తర్వాత తన అక్రమ సంతానమైన థామస్‌కు, ఆ తర్వాత రాజుకు అనే షరతుతో మళ్ళీ తీసుకున్నాడు. తనకు జీవితకాలం వరకే హక్కున్నదాన్ని అలా రాసివ్వడం కుదరదు, నా దృష్టిలో అక్రమం మొదలైంది ఇక్కడే. థామస్ ముందే పోయాడు. 1435లో అలెగ్జాండర్ పోగానే మొదటి జేమ్స్ రాజు మార్‌ను కలిపేసుకున్నాడు.

ఇసబెల్ అసలు వారసుడు రాబర్ట్ ఎర్‌స్కిన్. పాత ఎర్ల్ గార్ట్‌నెయిట్ కూతురు ఎలీన్, ఆమె కూతురు క్రిస్టియన్ మీదుగా ఆయన హక్కు వస్తుంది. 1438లో విచారణ జరిగి వారసుడని తేలింది కూడా. 1457లో రెండో జేమ్స్ అబర్డీన్‌లో మళ్ళీ విచారణ పెట్టించి ఆ తీర్పును తిరగరాయించాడు. తర్వాత వందేళ్ళకు పైగా రాజులు ఈ బిరుదును తమ తమ్ముళ్ళకూ కొడుకులకూ ఇస్తూ పోయారు.

1565 జూన్ 23న మేరీ రాణి జాన్ ఎర్‌స్కిన్‌కు మార్ భూములు తిరిగి ఇచ్చింది. ఆయన పూర్వీకులకు అన్యాయం జరిగిందనీ దాన్ని సరిదిద్దుతున్నాననీ చార్టర్‌లో స్పష్టంగా ఉంది, ఆయన 'వారసులకు' అని ఉంది, 'మగ వారసులకు' అని లేదు. జులై 29న మేరీ, డార్న్లీల పెళ్ళి నాటికి ఆయన మార్ ఎర్ల్‌గా కనిపిస్తాడు. కానీ బిరుదు ఇచ్చినట్టు విడిగా పత్రం లేదు. కొట్లాటంతా ఈ లేని పత్రం మీదే. 1565లో జరిగింది పాత బిరుదు పునరుద్ధరణ అయితే అది ఆడపిల్లకూ వస్తుంది. కొత్త సృష్టి అయితే మగవాళ్ళకే.

1866 దాకా ఈ ప్రశ్న ఎవరికీ అక్కర్లేకపోయింది. 1715లో ఎర్ల్ జాన్ జాకొబైట్ (గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం పక్షం) తిరుగుబాటు జెండా ఎత్తి, మరుసటి ఏడాది రాజద్రోహం కింద బిరుదు పోగొట్టుకున్నాడు. 1824లో దాన్ని తిరిగి పొందిన జాన్ ఫ్రాన్సిస్ ఎర్‌స్కిన్ తల్లి వైపు ఆ ఎర్ల్‌కు మనవడు, తండ్రి వైపు ఆ ఎర్ల్ తమ్ముడికి మనవడు. ఏ లెక్కన చూసినా ఆయనే వారసుడు. ఆయన మనవడికి 1835లో కెల్లీ ఎర్ల్‌డమ్ కూడా తోడైంది. ఆ మనవడు 1866 జూన్‌లో పిల్లలు లేకుండా పోవడంతో దారులు విడిపోయాయి. చెల్లెలి కొడుకు గుడీవ్ ఒకవైపు, మగవరసలో దగ్గరివాడైన వాల్టర్ ఎర్‌స్కిన్ మరోవైపు. కెల్లీ బిరుదు మీద తగాదా లేదు, అది మగవరసది, వాల్టర్‌కు వెళ్ళింది. అల్లోవా ఆస్తులూ అటే వెళ్ళాయి. గుడీవ్‌కు మిగిలింది మార్ పేరు ఒక్కటే.

1875 ఫిబ్రవరిలో లార్డ్స్ కమిటీ తీర్పు: పాత ఎర్ల్‌డమ్ ఎప్పుడో అంతరించింది, 1565 జులైలో పుట్టింది కొత్తది, పత్రం లేదు కనుక అది మగ సంతతికే. బిరుదు కెల్లీ ఎర్ల్‌కు దక్కింది. స్కాట్లాండ్ పీర్లలో (బిరుదున్న ప్రభువుల్లో) చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. 1885 ఆగస్టులో చట్టం వచ్చింది. పాత మార్ ఎర్ల్‌డమ్ ఆ గుడీవ్‌కే (గుడీవ్-ఎర్‌స్కిన్), దాని వారసత్వం ఆడవాళ్ళ మీదుగా కూడా. 1565 నాటి ఎర్ల్‌డమ్ జోలికి మాత్రం ఈ చట్టం వెళ్ళదు. అలా రెండూ నిలిచాయి.

కృష్ణాతీరం:

పాతదస్తావేజు గారు చరిత్ర బాగా చెప్పారు. 1875 తీర్పు మీద మాత్రం ఒక మాట. లార్డ్స్ గాల్లోంచి తీసిన సూత్రం కాదది. బిరుదు ఇచ్చిన పత్రం దొరక్కపోతే మగ సంతతికే అని భావించాలన్న నియమాన్ని 18వ శతాబ్దంలోనే, కాసిలిస్ (1762), సదర్లాండ్ (1771) కేసుల నాడే న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ గట్టిగా నిలబెట్టాడు. 1565ను కొత్త సృష్టి అని ఒప్పుకుంటే మిగతాదంతా ఆ నియమం ప్రకారమే వస్తుంది. తప్పు ఉంటే ఆ మొదటి మెట్టులోనే ఉంది.

అదే సదర్లాండ్ కేసులో ఆడపిల్ల గెలిచిందని మరవకండి. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఎలిజబెత్‌కు ఆరేళ్ళు నిండకముందే, మగవరస బంధువులిద్దరు పోటీ వచ్చినా, ఎర్ల్‌డమ్ దక్కింది. 1514లో ఇంకో ఎలిజబెత్‌కు అదే బిరుదు వెళ్ళిందని రుజువుంది. నియమం ఊహ మాత్రమే, పాత ఆచారం రుజువైతే అది పక్కకు పోతుంది.

సదర్లాండ్‌లో తర్వాత జరిగింది ఇంకా స్పష్టం. 1833లో అదే కుటుంబానికి డ్యూక్ బిరుదు వచ్చింది, మగవరస షరతుతో. 1963లో 5వ డ్యూక్ పిల్లలు లేకుండా పోగానే డ్యూక్ బిరుదు దూరపు బంధువు ఎల్స్‌మియర్ ఎర్ల్‌కు వెళ్ళింది, ఎర్ల్‌డమ్ తమ్ముడి కూతురు ఎలిజబెత్‌కు వచ్చింది. ఒకే మనిషి చావుతో రెండు బిరుదులు రెండిళ్ళకు. ఏ బిరుదుకు ఏ షరతో విడివిడిగా చూడకపోతే వంశవృక్షం ఎంత బాగా గీసినా జవాబు తప్పే వస్తుంది.

లెక్కల తేడా కూడా అడిగారు కదా. 31 అనేది పాత పాలకులందరినీ కలుపుకొన్న లెక్క. 14 అనేది 1565 నాటి జాన్ ఎర్‌స్కిన్‌ను ఒకటిగా పెట్టుకున్నది. ఇందులో 10వ ఎర్ల్‌గా లెక్కించే వాల్టర్ కానింగ్స్‌బీ 1872లోనే పోయాడు, తీర్పు వచ్చింది 1875లో. బతికుండగా ఆ బిరుదు ఆయనకు ఖరారు కాలేదు, లెక్కలో మాత్రం ఉన్నాడు.

పాతదస్తావేజు:

కృష్ణాతీరం గారూ, మీరన్న ఆ మొదటి మెట్టు దగ్గరే నా అభ్యంతరం. 1606లో ఆరో జేమ్స్ స్కాట్లాండ్ పీర్లందరి వరుస తేల్చడానికి దస్తావేజులు తెప్పించి చూపించమన్నాడు. ఆ వరుసలో మార్ స్థానం సదర్లాండ్ తర్వాత, రోథెస్‌కు ముందు. రోథెస్ ఎర్ల్‌డమ్ 15వ శతాబ్దం నడుమది. 1565లో పుట్టిన బిరుదును వందేళ్ళు పాతదాని పైన కూర్చోబెట్టే అవకాశమే లేదు, రోథెస్, మోర్టన్ వాళ్ళు ఊరుకునేవారు కాదు. సంఘటన జరిగిన నలభై ఏళ్ళకే, చూసినవాళ్ళు బతికుండగానే తేల్చిన వరుస అది. 1824 చట్టం కూడా జాన్ ఫ్రాన్సిస్‌ను రాజద్రోహపు ఎర్ల్‌కు మనవడిగానే పేర్కొంది, అంటే తల్లి వైపు చుట్టరికమే చెప్పింది. ఈ రెంటికీ 1875లో ఇవ్వాల్సిన బరువు ఇవ్వలేదు.

వంశావళి_చదువరి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు అసలు పని గురించి. ఒక శాఖ వారసత్వం సరైనదేనా అని తేల్చుకోవాలంటే ఏ కాగితాలు, ఏ వరుసలో చూడాలి? మన జమీందారీల్లో లాగా దత్తత చెల్లుతుందా?

తాళపత్రం:

వరుస చెబుతాను. చాలామంది కిందినుంచి, అంటే ఇప్పటి మనిషి నుంచి మొదలుపెట్టి పైకి వెళతారు. ముందు పైనుంచి చూడాలి. బిరుదు ఇచ్చిన పత్రం మహాముద్ర రిజిస్టర్‌లో (రాజముద్ర వేసిన పత్రాల నమోదు) ఉంటుంది, అది ఎడిన్‌బరా జాతీయ దస్తావేజుల శాలలో ఉంది. అందులో వారసుల గురించి ఏం రాశారో మాటమాటా చదవాలి. 'మగ వారసులు' అంటే ఒకటి, 'తన సంతానంలోని మగ వారసులు' అంటే మరొకటి. మొదటి రకంలో బిరుదు అన్నదమ్ముల శాఖలకూ దాటుతుంది. కెల్లీ అలాంటిదే. 1619లో ఆ బిరుదు పొందిన థామస్ ఎర్‌స్కిన్‌కు మార్ ఎర్ల్‌లు సంతానం కారు, ఆయన పెదనాన్న సంతతి. అంటే బిరుదు పుట్టకముందే విడిపోయిన శాఖ. అయినా 1835లో వాళ్ళకు దక్కింది. రెండో రకం అయితే అక్కడితో అంతరించేది.

పత్రంలో ఆడపిల్లలకు అవకాశముందనుకోండి. కొడుకులు లేక కూతుళ్ళు చాలామంది ఉంటే పెద్దకూతురిదే బిరుదు. స్కాట్లాండ్‌లో భూములు 1964 దాకా కూతుళ్ళందరూ సమంగా పంచుకునేవారు, విడగొట్టలేని బిరుదు పెద్దామెకు. ఇంగ్లండ్‌లో కొన్ని పాత బారన్ బిరుదులు అక్కచెల్లెళ్ళ మధ్య తేలక దశాబ్దాల తరబడి ఖాళీగా ఉండిపోతాయి. స్కాట్లాండ్‌లో ఆ బాధ లేదు.

తర్వాత తరాల రుజువు. ప్రతి తరానికీ జననం, పెళ్ళి, మరణం కావాలి, అంతకన్నా కష్టమైనది ముందున్న శాఖలన్నీ అంతరించాయని చూపడం. పెద్దన్న చిన్నప్పుడే పోయాడని కుటుంబంలో చెప్పుకుంటే సరిపోదు, పెళ్ళి కాకుండా లేదా సంతానం లేకుండా పోయాడని కాగితం ఉండాలి. సముద్రం దాటి వెళ్ళిన కొడుకుల దగ్గర పనులు ఆగిపోయేది ఇందుకే.

స్కాట్లాండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఆ మొదటి ఏడాది ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల వివరాలు తర్వాతి ఏళ్ళకంటే చాలా ఎక్కువ. అందుకే మీకు కావలసిన మనిషి 1860లో పుట్టినా, 1855లో పుట్టిన తోబుట్టువు ఉన్నారేమో ముందు చూడండి. 1855కు ముందు చర్చి రిజిస్టర్లే గతి. వాటిలో బాప్తిస్మం, పెళ్ళి ప్రకటన ఉంటాయి, ఖననాలు చాలాచోట్ల లేవు. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు 3 పెన్నీల పన్ను వేశారు, ఆ ఏళ్ళలో చాలామంది నమోదే మానేశారు. అధికార చర్చికి చెందని కుటుంబాలవి వాటిలో తరచూ దొరకవు. అప్పుడు వీలునామా ధ్రువీకరణలు, 1617 నుంచి ఉన్న భూ రిజిస్టర్, వారసుడిగా తేల్చిన విచారణ పత్రాలు చూడాలి. ఈ చివరివి వాడేటప్పుడు జాగ్రత్త: భూమికి వారసుడని తేలినంత మాత్రాన బిరుదుకు వారసుడని తేలినట్టు కాదు.

ఇంకో ఉచ్చు పెళ్ళిళ్ళ దగ్గర. 1940 దాకా స్కాట్లాండ్‌లో చర్చి లేకుండా, ఇద్దరూ ఒప్పుకుని ప్రకటించుకుంటే చాలు, పెళ్ళి చెల్లేది. భార్యాభర్తల్లా కలిసి ఉండి ఊరంతా అలాగే భావిస్తే పెళ్ళిగా తీసుకునే పద్ధతి 2006 దాకా నడిచింది. బ్రెడాల్బేన్ ఎర్ల్‌డమ్ కేసు చూడండి. 1862లో రెండో మార్క్విస్ (ఎర్ల్ కన్నా పై బిరుదు) పోయాక ఆస్తులూ ఎర్ల్‌డమూ గ్లెన్‌ఫాలక్ శాఖకు రావాలి. ఆ శాఖ తాతగారు జేమ్స్ క్యాంప్‌బెల్ 1780ల తొలినాళ్ళలో ఇంగ్లండ్‌లో ఒక మందుల వ్యాపారి భార్యను తీసుకుపోయాడు. ఆ భర్త 1784లో చనిపోయాడు. జేమ్స్, ఆమె తర్వాత కూడా దంపతుల్లానే బతికారు, పెళ్ళి జరిగిన రుజువు లేదు. మొదలే అక్రమం కనుక పెళ్ళిగా మారదని అవతలి పక్షం వాదించింది. భర్త చనిపోయి అడ్డు తొలగాక కూడా అలాగే బతికారు కాబట్టి అప్పటినుంచి పెళ్ళే అని 1867లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. కనుక రిజిస్టర్‌లో పెళ్ళి లేదని ఒక శాఖను కొట్టేయకండి.

ఇప్పుడు డీఎన్ఏ కూడా వచ్చింది. 1683 నాటి స్టిచిల్ ప్రింగిల్ బారొనెట్ (పీర్ల కింది స్థాయి వారసత్వ బిరుదు) విషయంలో 2016లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటన్‌లోని ఒక ఉన్నత న్యాయమండలి) దాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంది. 8వ బారొనెట్ పెద్దకొడుకుగా నమోదైనాయన ఆయనకు పుట్టినవాడు కాదని తేలి, బిరుదు రెండో కొడుకు శాఖకు మారింది. ఎన్నో ఏళ్ళు గడిచాయన్న వాదన నిలవలేదు.

దత్తత మాటకొస్తే, దత్తపుత్రుడికి బిరుదు రాదు. పెళ్ళికి ముందు పుట్టినవాళ్ళ సంగతి వేరే. తల్లిదండ్రులు తర్వాత పెళ్ళి చేసుకుంటే స్కాట్లాండ్ చట్టంలో బిడ్డ సక్రమ సంతానమవుతాడు, స్కాట్లాండ్ బిరుదుకు కూడా అర్హుడు. ఇంగ్లండ్ బిరుదుకు కాడు. 2004 రాజాజ్ఞ తర్వాత పీర్ల పట్టిక ఒకటి నడుస్తోంది. రుజువులు చూపించి పేరు అందులో ఎక్కించుకోకపోతే ప్రభుత్వ కాగితాల్లో ఆ బిరుదుతో పిలవరు.

కృష్ణాతీరం:

జమీందారీల పోలిక అడిగారు కాబట్టి: పిఠాపురం దావాలో 1899లో ప్రివీ కౌన్సిల్, విడదీయరాని ఎస్టేటైనా సరే రాజా తన వీలునామాతో ఇష్టమైనవారికి రాయవచ్చని చెప్పింది. దత్తపుత్రుడు ఉండి కూడా ఎస్టేటు వీలునామా ప్రకారమే పోయింది. స్కాట్లాండ్ పీర్‌కు ఆ స్వేచ్ఛ లేదు. 1707కు ముందు మాత్రం ఒక దారి ఉండేది. బిరుదును రాజుకు అప్పగించి, తనకు కావలసిన షరతులతో మళ్ళీ తీసుకోవడం. ఇంగ్లండ్‌తో పార్లమెంటు కలిశాక అదీ మూసుకుపోయింది.

ఈ దారికి మంచి ఉదాహరణ మనకు తెలిసిన పేరే, నేపియర్. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నర్‌గా ఉన్న ఫ్రాన్సిస్ నేపియర్ ఆ బిరుదులో 10వ లార్డ్. 1627లో వచ్చిన బిరుదది. పెళ్ళి కాని 3వ లార్డ్ 1677లో దాన్ని రాజుకు అప్పగించి, అక్కచెల్లెళ్ళకూ వాళ్ళ సంతానానికీ వెళ్ళేలా మళ్ళీ రాయించుకున్నాడు. ఆయన తర్వాత మేనల్లుడికి, ఆ మేనల్లుడి తర్వాత పిన్నమ్మ మార్గరెట్‌కు, ఆమె తర్వాత స్కాట్ ఇంటిపేరున్న మనవడికి వెళ్ళింది. ఆ మనవడు నేపియర్ అని పేరు మార్చుకున్నాడు. మద్రాసు గవర్నర్ ఆ వరసలోవాడే. 1872లో ఆయనకే ఎట్రిక్ అనే కొత్త బిరుదు వచ్చింది, అది మగ సంతతికే. ఒక్క మనిషి మీద రెండు షరతులు, సదర్లాండ్‌లో లాగానే.

వంశావళి_చదువరి:

చివరిగా రెండు. ఇంటర్నెట్‌లో ఒక అడుగు నేల కొంటే 'లార్డ్' అవుతారని అమ్ముతున్నారు, దానికి విలువుందా? మార్ అండ్ కెల్లీ మగవరస ఎప్పుడైనా ఆగిపోతే రెండు మార్‌లూ ఒకటవుతాయా?

తాళపత్రం:

మొదటిదానికి విలువ లేదు. అలాంటి జ్ఞాపికల ముక్కల్ని స్కాట్లాండ్ భూ రిజిస్టర్‌లో నమోదు చేయనే చేయరు. పీర్ బిరుదు అమ్మకానికి రాదు. పాత జాగీరు బారన్ హోదాలు మాత్రం 2004 నవంబర్ 28 నుంచి భూమితో విడిపోయి ఆస్తిలా చేతులు మారుతున్నాయి. అవి పీరేజ్ కాదు, ఎప్పుడూ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో చోటిచ్చినవీ కావు.

పాతదస్తావేజు:

రెండోదానికి: ఒకటి కావు. 1875 తీర్పు ప్రకారం 1565 బిరుదు ఆ జాన్ ఎర్‌స్కిన్ సంతానంలోని మగవాళ్ళది. ఆ వరస ఆగితే బిరుదు అంతరిస్తుంది, పాతదాంట్లో కలవదు. కెల్లీ మాత్రం 'మగ వారసులు' షరతున్నది కాబట్టి ఇంకా పై తరంలో విడిపోయిన ఎర్‌స్కిన్ శాఖ ఎవరైనా రుజువు చేసుకుంటే వాళ్ళకు వెళ్ళగలదు. పాత మార్‌కు మార్గరెట్ గారి కూతురు వారసురాలు. ఆమెను మిస్ట్రెస్ ఆఫ్ మార్ అంటారు.